గృహిణీ వ్యవహారములు: దొంగిలింపబడిన నగలు మరల చేతికి వచ్చుట యెట్లు?



వేసవి సెలవులకు పుట్టినింటికి బోయి తిరిగి వచ్చునప్పటికి ఇంటి తాళము పగిలియుండెననియు, బీరువాలోని నగలన్నియు పోయెననియు ఒక సోదరి మాకు లేఖ వ్రాసిరి. పోలీసువారు దొంగను పట్టి నగలలో ముప్పాతికవంతు స్వాధీనపరచుకొనిరట. కాని యేడాది గడచినను ఒక్క గాజైనను ఆమె చేతికి రాలేదు. "తీర్పు వచ్చువరకు ఇంతేనని అందరును చెప్పుచున్నారు. నిజమేనా?" అని యామె ప్రశ్న.

నిజము కాదు. తీర్పునకు ముందే నగలను పొందుటకు చట్టము దారి చూపుచున్నది. అయితే ఆ దారిలో నడువవలెనన్న, పోయిన వస్తువు తనదేనని చెప్పగల వివరము గృహిణి చేతిలో నుండవలెను. ఈ రెండు సంగతులను చెప్పుటకే ఈ మాసపు శీర్షికను వినియోగించుచున్నాము.

శూద్రకుని మృచ్ఛకటికమున శర్విలకుడు చారుదత్తుని ఇంటికి కన్నము వేసి, వసంతసేన దాచియుంచిన నగలను హరించిన కథ మనలో పలువురెరిగినదే. ఆ నగలను మొదట గుర్తుపట్టినది తలవరి కాదు, న్యాయాధికారి కాదు. వసంతసేన చెలికత్తె మదనిక. నిత్యము చూచి, తాకి, అలంకరించిన చేయి గనుక ఆమె వెంటనే పోల్చుకొనెను. నేటి న్యాయస్థానములును ఈ గుర్తింపునే కోరును. కాని కన్ను చూచిన గురుతును కాగితముపై గూడ చూపుమనును.

మొదట చేయవలసిన పని యేమి? ఇల్లు చెల్లాచెదరుగా గనబడినంతనే సర్దుటకు పూనుకొనరాదు. పగిలిన తాళమును, బీరువా తలుపును, నేలపై పడిన పెట్టెలను తాకరాదు. వేలిముద్రలు అచటనే యుండును. గుమ్మము బయట నిలిచి 112 సంఖ్యకు ఫోను చేయుడు. చేతనైనచో దూరమునుండి నాలుగు ఛాయాచిత్రములు తీయుడు. కొన్ని యూళ్లలో నేటికిని మొదట అంజనము వేయించుటయు, సోదె యడుగుటయు గలదు. దానివలన గడచిపోవు పూటలోనే బంగారము కుంపటి కెక్కవచ్చును. అంతకంటె చెడ్డ సంగతి, తమలపాకులోని మసి యెవరి పేరో చెప్పినదని పనిపిల్లను నిలదీయుట. నిరపరాధి నవమానించిన పాపము నగ దొరకినను పోదు. ఇంటికి ఎవరెవరు వచ్చి పోవుదురో, ఎవరికి తాళము చెవి యిచ్చితిమో పోలీసువారికి ఉన్నదున్నట్లు చెప్పుడు. దొంగ యెవరో తేల్చుపని వారికి వదలుడు.

ఇక ఫిర్యాదు. 2024 జూలై 1వ తేదీనుండి పాత శిక్షాస్మృతికి బదులుగా భారతీయ న్యాయ సంహితయు, నేర విచారణ విధానమునకు భారతీయ నాగరిక సురక్షా సంహితయు అమలులోనికి వచ్చినవి. ఆ తేదీకి పూర్వము జరిగిన నేరములకు మాత్రము పాత శిక్షాస్మృతియే వర్తించును. కొత్త సంహిత ప్రకారము నివాసగృహమున జరిగిన దొంగతనమునకు ఏడేండ్లవరకు ఖైదు కలదు. రాత్రివేళ దొంగతనము చేయు తలంపుతో తాళము పగులగొట్టి చొరబడినచో శిక్ష పదునాలుగేండ్లవరకు పోవచ్చును. కావున ఇది పోలీసువారు తప్పక నమోదు చేయవలసిన నేరము.

సురక్షా సంహితలోని 173వ సెక్షను మనకు నాలుగు సదుపాయములు కలిగించుచున్నది. మొదటిది, నేరము ఏ ఠాణా పరిధిలో జరిగినను ఏ ఠాణాలోనైనను సమాచార మియ్యవచ్చును. పొరుగూరిలో నుండగా ఇంట దొంగలు పడిరని తెలిసినవారు అక్కడనే ఫిర్యాదు చేయవచ్చును. రెండవది, ఎలక్ట్రానిక్ మార్గమునను ఫిర్యాదు పంపవచ్చును. అట్లు పంపినచో మూడు దినములలోగా సంతకము చేయవలెను. మూడవది, ప్రథమ సమాచార నివేదిక ప్రతిని రుసుము లేకుండ మనకియ్యవలెను. ఆ ప్రతి చేతికి రానిదే ఠాణా మెట్లు దిగకుడు. భీమాకైనను, న్యాయస్థానమునకైనను అదియే మొదటి పత్రము. నాలుగవది, ఠాణా అధికారి ఫిర్యాదును నమోదు చేయనిచో దాని సారాంశమును వ్రాసి జిల్లా పోలీసు సూపరింటెండెంటునకు తపాలాలో పంపవచ్చును. అప్పటికిని కదలిక లేనిచో ప్రమాణపత్రముతో మేజిస్ట్రేటునకు దరఖాస్తు చేసినయెడల, 175వ సెక్షను క్రింద ఆయన దర్యాప్తునకు ఉత్తరువీయగలరు.

ఫిర్యాదులో నగల జాబితా వ్రాయు విధమే మిక్కిలి ముఖ్యము. "బంగారు గొలుసు ఒకటి, గాజులు నాలుగు" అని వ్రాసిన జాబితా ఏ యింటికైనను సరిపోవును. ప్రతి వస్తువు పేరు, సుమారు బరువు, రాళ్లసంఖ్య, చేయించిన యేడు, మరమ్మతు గుర్తులు, దాని యందలి లోపములు వ్రాయవలెను. తొందరలో మరచినవి తరువాత జ్ఞాపకమువచ్చినచో దాచక, అదనపు జాబితాను వెంటనే లిఖితపూర్వకముగా ఇచ్చి రసీదు పుచ్చుకొనవలెను. లేని వస్తువును కలిపి వ్రాయుట మాత్రము తగదు; ఒక్క అబద్ధము బయటపడినచో తక్కిన నిజమంతయు సందేహాస్పదమగును.

మా వీధిలోనే జరిగిన సంగతి చెప్పెదము. ఒకే దొంగలముఠా రెండిండ్లలో దూరెను. కొన్ని నెలలకు నగలు దొరకినవి. గుర్తింపు నిమిత్తము వానిని అదే రకపు ఇతర నగలతో కలిపి యుంచిరి. మొదటి ఇంటి పెద్దముత్తైదువ తన కాసులపేరును చూచిన క్షణముననే తీసి చూపెను. మూడవ కాసు వెనుక సొట్టయు, కొక్కెము విరిగినచోట కంసాలి వేసిన అతుకును ఆమె ఫిర్యాదులోనే వ్రాయించియుండెను. రెండవ ఇంటి కోడలి గొలుసును అచటనే యుండెను. కాని అంగడిలో అచ్చులో పోసినట్లు ఒక్కతీరుగా నుండు గొలుసది. రసీదు లేదు, ఛాయాచిత్రము లేదు, బరువు తెలియదు. ఆమె రెండు గొలుసులను మార్చి మార్చి చూచి, కన్నీరు పెట్టుకొని, "ఏదో చెప్పలేకున్నాను" అనెను. సత్యమే పలికెను. కాని ఆ గొలుసు ఆమెకు రాలేదు.

దర్యాప్తు సాగుచుండగా మనము తెలిసికొనియుండవలసిన హక్కులు మరి రెండు కలవు. సాక్షిగా ప్రశ్నించుటకు స్త్రీని తన నివాసస్థలమునకు గాక వేరొకచోటికి రమ్మని పోలీసు అధికారి నిర్బంధింపరాదని 179వ సెక్షను చెప్పుచున్నది. అధికారియే ఇంటికి వచ్చి వాఙ్మూలము వ్రాసికొనవలెను. ఇష్టమైనచో మనము పోవచ్చును. మరియు 193వ సెక్షను ననుసరించి, దర్యాప్తు ఎంతవరకు వచ్చెనో తొంబది దినములలోగా ఫిర్యాదుదారునకు తెలుపవలెను. తెలుపనిచో మర్యాదగా వ్రాసి అడుగుడు. అడిగిన ప్రతి ఉత్తరమునకు నకలు ఉంచుకొనుడు.

ఇప్పుడు లేఖ వ్రాసిన సోదరి ప్రశ్నకు వత్తము. పోలీసువారు జప్తు చేసిన సొత్తును మేజిస్ట్రేటునకు తెలుపుదురు. అది న్యాయస్థానమునకు చేరినచో 497వ సెక్షను క్రిందను, ఇంకను పోలీసువారి యొద్దనే యున్నచో 503వ సెక్షను క్రిందను, "విచారణ ముగియువరకు నా నగలను నా స్వాధీనమున నుంచుడు" అని దరఖాస్తు చేయవచ్చును. దరఖాస్తులో నేరసంఖ్య, ఠాణా పేరు, జప్తు జాబితాలోని వస్తువుల వరుససంఖ్యలు, అవి మనవే యనుటకు ఆధారములు వ్రాయవలెను. రసీదులు, పెండ్లి ఛాయాచిత్రములు, హాల్‌మార్కు వివరములు జతపరుపవలెను.

ఇట్టి దరఖాస్తులను నాన్చరాదని సుప్రీంకోర్టు 2002లో సుందర్‌భాయి అంబాలాల్ దేశాయి వ్యాజ్యమున స్పష్టపరచెను. బంగారము, వెండి మొదలగు విలువగల వస్తువులకు వివరమైన పంచనామా వ్రాసి, ఛాయాచిత్రములు తీయించి, తగిన పూచీకత్తు పుచ్చుకొని హక్కుదారునకు అప్పగింపవలెననియు, వానిని పదునైదు దినములు మొదలు ఒక మాసమునకు మించి ఠాణాలో ఉంచరాదనియు చెప్పెను. కొత్త సంహితయు ఇదే మార్గమున నడచి, సొత్తు వివరపట్టికను పదునాలుగు దినములలో సిద్ధపరచి, ఛాయాచిత్రములో వీడియోయో తీయించి, అటుపై ముప్పది దినములలో దాని విషయమై ఉత్తరువీయవలెనని విధించినది. తీసిన చిత్రములే విచారణలో సాక్ష్యముగా చెల్లును. కనుక నగ కోర్టు పెట్టెలో మ్రగ్గవలసిన పని లేదు.

అయితే ఇట్లు చేతికి వచ్చిన నగపై మనకు కలిగినది పూర్ణస్వాతంత్ర్యము కాదు. పిలిచినపుడు చూపెదమని వ్రాసియిచ్చితిమి గదా! ఆజ్ఞ లేక దానిని అమ్మరాదు, కరిగింపరాదు, రూపు మార్పరాదు. కూతురి పెండ్లికి మార్చి చేయింపవలసివచ్చినచో ముందు మేజిస్ట్రేటు అనుమతి పొందవలెను. విచారణ ముగిసిన పిమ్మట 498వ సెక్షను క్రింద తుది ఉత్తరువు వచ్చును. ఆ ఉత్తరువు తృప్తికరముగా లేనిచో పై న్యాయస్థానమునకు అప్పీలు చేసికొనవచ్చును.

ఠాణాలో నున్న నగ మరల పోయినచో? అట్టిదియు జరిగినది. మైసూరు రాష్ట్రమున బసవ్వ యను స్త్రీ ఇంట పోయిన నగలు దొరకి, ప్రభుత్వ స్వాధీనమున నుండగా మాయమయ్యెను. ఆమె పట్టు విడువక సుప్రీంకోర్టు వరకు పోయెను. వస్తువు లేదుగనుక చేయునదేమియు లేదన్న వాదమును 1977లో ఆ న్యాయస్థానము త్రోసిపుచ్చి, వాని విలువను రాష్ట్ర ప్రభుత్వము చెల్లింపవలెనని తీర్పు చెప్పెను. దొంగ హరించిన సొమ్మును రాజు తెచ్చి యియ్యవలెను, లేనిచో తన బొక్కసమునుండి చెల్లింపవలెనని గౌతమధర్మసూత్రములందు గలదు. నేటి చట్టము అంతదూరము పోలేదు. దొరకని సొత్తునకు ప్రభుత్వము బాధ్యురాలు కాదు. తన చేతికి వచ్చి పోగొట్టిన సొత్తునకే బాధ్యురాలు.

దొంగ నగను ఎవరికో అమ్మివేసెననుకొందము. కొన్నవాడు "నేను డబ్బిచ్చి కొంటిని, నాకేమి తెలియును?" అనును. మన స్మృతులలో అస్వామివిక్రయమను వ్యవహారపదము ప్రత్యేకముగా గలదు. సొంతము కానిదానిని అమ్మువాడు కొన్నవానికి హక్కును ఇయ్యలేడు. 1930వ సంవత్సరపు సరకుల విక్రయ చట్టమును 27వ సెక్షనులో ఈ న్యాయమునే చెప్పుచున్నది. తాకట్టు పెట్టుకొన్నవానిదియు ఇదే గతి. తెలిసి కొన్నవానికి న్యాయ సంహిత 317వ సెక్షను క్రింద మూడేండ్లవరకు ఖైదు; దొంగసొత్తు వ్యాపారమే వృత్తిగా గలవానికి యావజ్జీవమువరకు. నిజముగా తెలియక కొన్నవానికి, దొంగయొద్ద దొరకిన రొక్కమునుండి అతడిచ్చిన వెలను ఇప్పించు అధికారము న్యాయస్థానమునకు గలదు. కాని నగ మాత్రము యజమానురాలిదే. రసీదు లేక చవుకగా వచ్చుచున్నదని పాతబంగారము కొను సోదరీమణులు ఈ సంగతిని మనసున నుంచుకొందురుగాక.

నగ కరిగి కడ్డీయైనను నిరాశ పడనక్కరలేదు. సొత్తనగా మొదటి వస్తువు మాత్రమేగాక, అది మారి యేర్పడిన వస్తువును, దానిని మార్చగా వచ్చినదియు అని చట్టము నిర్వచించుచున్నది. కడ్డీని గాని, అమ్మగా వచ్చిన రొక్కమును గాని కోరవచ్చును. ఒక ముఠా పలువురి యిండ్లను దోచి ఆస్తులు కూడబెట్టినచో, 107వ సెక్షను క్రింద న్యాయస్థానము వానిని జప్తుచేసి, నష్టపడినవారికి పంచుడని జిల్లా మేజిస్ట్రేటును ఆదేశింపగలదు.

నగ యెవరియొద్ద నున్నదో తెలిసియు, అతడు తనదేనని వాదించుచున్నచో సివిలు దావా వేయవలెను. తాతమ్మలనాటి కంటెకు డబ్బు ప్రతిఫలము కానేరదు గనుక, వస్తువునే ఇప్పింపుమని 1963వ సంవత్సరపు నిర్దిష్ట ఉపశమన చట్టము క్రింద అడుగవచ్చును. ఇందులకు కాలపరిమితి మూడేండ్లు. ఆ మూడేండ్లను దొంగతనము జరిగిన దినమునుండి గాక, వస్తువు ఎవరి స్వాధీనమున నున్నదో మనకు మొదట తెలిసిన దినమునుండి లెక్కింతురు. తెలిసినపిదప మాత్రము ఉపేక్షింపరాదు.

అసలు ఏమియు దొరకక పోలీసువారు కేసు మూసివేయదలచినచో, ఆ నివేదికను అంగీకరించుటకు ముందు మేజిస్ట్రేటు ఫిర్యాదుదారుని మాట వినవలెనని సుప్రీంకోర్టు 1985లో నిర్ణయించెను. ఆక్షేపణ యున్నచో అపుడు చెప్పుకొనవలెను. ఇంటికి భీమా యున్నవారు దొంగతనము జరిగినవెంటనే సంస్థకు వ్రాతమూలముగా తెలుపవలెను. నగలను ప్రత్యేకముగా జాబితాలో చేర్చనిదే కొన్ని ఒప్పందములు వానికి వర్తింపవు. బలవంతముగా చొరబడిన గుర్తులుండవలెనని మరికొన్ని కోరును. అన్యాయముగా నిరాకరించినచో రెండేండ్లలోగా వినియోగదారుల కమిషనునకు పోవచ్చును.

స్త్రీధనమును గూర్చి యొక మాట. పుట్టినింటివారు, అత్తింటివారు, బంధుమిత్రులు మనకిచ్చిన నగలు మన సొంతసొత్తు. 1985లో ప్రతిభారాణి వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఈ సంగతిని గట్టిగా చెప్పినది. కావున ఫిర్యాదు భర్తగారు చేసినను, ఏ నగ యెవరిదో జాబితాలో వేరువేరుగా వ్రాయించుడు. అత్తగారి వడ్డాణము అత్తగారి పేర, కోడలి గాజులు కోడలి పేర నున్నచో తిరిగి పొందునపుడు చిక్కులుండవు. దరఖాస్తు చేయుటకు న్యాయవాది కావలెనన్న, ఆదాయముతో పనిలేకయే స్త్రీకి ఉచిత న్యాయసహాయము లభించునని 1987వ సంవత్సరపు న్యాయసేవాధికార సంస్థల చట్టము చెప్పుచున్నది. జిల్లా న్యాయస్థానముల ఆవరణమున ఆ సంస్థ కార్యాలయము ఉండును. 15100 సంఖ్యకు ఫోను చేసియు అడుగవచ్చును.

తుదకు, ఇంకను ఏమియు పోగొట్టుకొననివారికి మా విన్నపము. ఈ వారములోనే ఒక మధ్యాహ్నము తీరిక చేసికొని, తలుపు గడియ వేసి, నగలన్నియు పరచుకొని కూర్చుండుడు. ఒక నోటుపుస్తకమున ఒక్కొక్కదానికి ఒక్కొక్క పుట కేటాయింపుడు. బరువు, కొన్న అంగడి, తేదీ, రాళ్లు, అతుకులు, సొట్టలు వ్రాయుడు. 2021 జూలైనుండి హాల్‌మార్కు నగలపై ఆరక్షరముల ప్రత్యేక గుర్తు ముద్రింపబడుచున్నది. అది చిన్నదైనను భూతద్దముతో చదివి వ్రాసికొనుడు. ముందువెనుకల ఛాయాచిత్రములు తీయుడు. రసీదులను ఆ పుటలోనే అంటింపుడు. ఆ పుస్తకమును నగలతోపాటు బీరువాలో పెట్టిన, పెట్టెతో సహా దొంగ తీసికొనిపోవును! ఒక నకలు పుట్టినింటనో, బ్యాంకు పెట్టెలోనో ఉంచుడు.

కాసులపేరును గుర్తుపట్టిన ఆ పెద్దముత్తైదువకు చదువు అంతగా లేదు. మనుమరాలిచేత వ్రాయించుకొన్న నాలుగు పంక్తులే ఆమె సొత్తును ఆమెకు తెచ్చియిచ్చినవి. వచ్చు మాసమున, బ్యాంకు పెట్టెలోని వస్తువులు పోయినచో ఆ బ్యాంకు బాధ్యత యెంతవరకో విచారింతము.